విశాఖలో హత్యలు నిజంగా పెరిగాయా, మన భయం పెరిగిందా?

మధురవాడ రవి | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేం ఉండేది మధురవాడ. స్టేడియం దగ్గర్నుంచి కొమ్మాది దాకా ఎటు చూసినా కొత్త అపార్ట్‌మెంట్లే. ఊరు ఇంత పెరుగుతుంటే సంతోషపడాలి, కానీ ఇంట్లో మాటలు వేరేగా ఉన్నాయి.

2024 ఫిబ్రవరి 2 రాత్రి కొమ్మాదిలో తహసీల్దార్ రమణయ్య గారిని ఆయన ఉండే అపార్ట్‌మెంట్ దగ్గరే ఇనుప రాడ్డుతో కొట్టి చంపారు. 2025 ఏప్రిల్‌లో స్వయంకృషి నగర్‌లో ఒకడు ఇంట్లోకి చొరబడి తల్లీకూతుళ్ల మీద కత్తితో దాడి చేశాడు, తల్లి చనిపోయింది. అదే నెలలో మా వైపే నెలలు నిండుతున్న గర్భిణిని భర్తే గొంతు నులిమి చంపాడు. ఇవన్నీ మాకు దగ్గర్లో జరిగినవే. చెల్లి ఆఫీసు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే అమ్మకి టెన్షన్. "విశాఖ పాడైపోయింది, ఇదివరకటిలా లేదు" అన్న మాట చుట్టాలందరి నోటా వింటున్నాను.

నేరాలు నిజంగా పెరిగాయా? లేక ప్రతి ఘటనా వీడియోగా ఫోన్‌లోకి వచ్చేస్తోంది కాబట్టి అలా అనిపిస్తోందా? లెక్కలు తెలిసినవాళ్లు, స్టేషన్లూ కోర్టులూ చూసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ, కులాల గొడవ దయచేసి వద్దు.

గాజువాక శ్రీను | శుక్రవారం, రాత్రి 9:40

ఇందులో అనుమానం ఏముంది రవీ, పెరిగాయి. మా గాజువాకలో 2020 అక్టోబరు 31న పదిహేడేళ్ల ఆడపిల్లని వెంటపడేవాడే గొంతు కోసి చంపేశాడు. 2021 ఏప్రిల్‌లో పెందుర్తి మండలం జుత్తాడలో పక్కింటివాడు ఒకే కుటుంబంలో ఆరుగురిని నరికేశాడు, అందులో పసిపిల్లలు కూడా ఉన్నారు. మా చిన్నప్పుడు రౌడీ అంటే ఫలానా ఏరియాలో ఫలానా వాడు అని తెలిసేది. ఇప్పుడు మీసం కూడా సరిగా రాని కుర్రాడి జేబులో బ్లేడు ఉంటోంది. గంజాయి కొట్టి బ్రిడ్జి కింద కూర్చుంటారు. ఫోన్ ఇవ్వకపోతే గీసేస్తారు. లెక్కలు ఏం చెప్పినా నేను చూసేది ఇదే.

లెక్కల లలిత | శుక్రవారం, రాత్రి 10:25

శ్రీను గారూ, మీరు చూస్తున్నది కాదనను. కానీ పెరిగిందని తేల్చే ముందు రెండు విషయాలు చూడాలి: ఏ హద్దుల్లో లెక్కపెట్టారు, ఎంత జనాభాకి లెక్కపెట్టారు.

హద్దుల సంగతి చూడండి. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి గ్రేటర్ విశాఖ నగర పాలక సంస్థ, అంటే జీవీఎంసీ చేశారు. ఆ తర్వాత భీమిలి, అనకాపల్లి వచ్చి చేరాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు అని మూడైంది. పాత "విశాఖ జిల్లా" అంకె పక్కన కొత్త "విశాఖ జిల్లా" అంకె పెట్టి శాతాలు తీస్తే ఆ శాతానికి అర్థం లేదు. పోలీసు కమిషనరేట్ హద్దు ఇంకో రకం. వాట్సాప్‌లో తిరిగే పోస్టుల్లో సగం ఈ మూడింటినీ కలిపేస్తాయి.

ఇక జనాభా. జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, మహానగరాలకు లక్ష జనాభాకి ఇన్ని నేరాలని లెక్క కడుతుంది. ఆ భాగహారంలో నగర జనాభా ఇప్పటికీ 2011 జనగణనదే. హైదరాబాద్‌కి 77.5 లక్షలు అని వేస్తారు. అక్కడ ఇప్పుడు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నేరాలేమో ఈ ఏడాదివి, మనుషులేమో 2011 నాటివాళ్లు. వేగంగా పెరిగే ఏ నగరమైనా ఈ లెక్కలో ఉన్నదానికంటే ప్రమాదకరంగా కనిపిస్తుంది. తర్వాతి జనగణన 2027లో గానీ పూర్తి కాదు. విశాఖకైతే ఆ పోలిక కూడా లేదు. ఎన్‌సీఆర్‌బీ మహానగరాల పట్టికలో 20 లక్షలు దాటిన 19 నగరాలే ఉంటాయి. తెలుగు రాష్ట్రాల నుంచి అందులో హైదరాబాద్ ఒక్కటే.

ఇంకో రెండు మెలికలు ఉన్నాయి. ఒకే కేసులో అత్యాచారం, హత్య రెండూ ఉంటే పట్టికలో హత్య కిందే చూపిస్తారు, పెద్ద నేరాన్నే లెక్కిస్తారు. కిడ్నాప్ అంకె చూసి కూడా బెంబేలెత్తకండి. పిల్లలు కనిపించడం లేదని ఫిర్యాదు వస్తే కిడ్నాప్‌గానే భావించి ఎఫ్‌ఐఆర్ రాయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో అలిగి వెళ్లినవాళ్లు, ప్రేమించి వెళ్లిపోయినవాళ్లు అందరూ అందులోకే వస్తారు.

కాస్త నమ్మదగిన కొలత హత్య ఒక్కటే. కొట్లాటని రాజీ చేసి పంపేయవచ్చు, మనిషి ప్రాణం పోతే మాత్రం రాయక తప్పదు. దేశం మొత్తం మీద 1990ల మొదట్లో లక్షకి నాలుగు దాటి ఉన్న హత్యల రేటు 2022కి 2.1కి దిగింది. ఆ ఏడాది 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. అంటే మన తల్లిదండ్రులు మన వయసులో ఉన్నప్పటికంటే ఇప్పుడు దేశంలో హత్యలు తక్కువ. ఇది నమ్మడం కష్టమే, కానీ నిజం.

కంచరపాలెం కుర్రోడు | శుక్రవారం, రాత్రి 10:51

లెక్కలెందుకు లలితక్కా. బయటోళ్లు దిగారు, అదీ అసలు సంగతి. బిహార్, ఒడిశా నుంచి ఫార్మా కంపెనీలకి, సైట్లకి వేలమంది వస్తున్నారు. ఎవడు ఎవడో ఎవరికి తెలుసు? ఒకడిద్దరిని లేపేస్తే దారికొస్తారు అందరూ.

మాజీ హెచ్‌సీ | శనివారం, ఉదయం 6:30

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. నగరంలో చాలా స్టేషన్లలో పనిచేశాను. ఏ స్టేషనో చెప్పను.

కుర్రోడి మాట ముందు చూద్దాం. బాబూ, పైన రవి, శ్రీను చెప్పిన కేసులన్నీ మళ్లీ చదువు. చంపినవాడు బయటోడా? వెంటపడ్డవాడు, మొగుడు, పక్కింటివాడు, భూమి పని మీద ఆఫీసు చుట్టూ తిరిగినవాడు. అందరూ చనిపోయినవాళ్లకి తెలిసినవాళ్లే. నా సర్వీసులో చూసిన హత్యలూ దాదాపు అంతే. పక్క రాష్ట్రం కూలీలు స్టేషన్‌కి ఎక్కువగా వచ్చింది బాధితులుగానే. జీతాల రోజు రాత్రి షెడ్డుకి నడిచి వెళ్తుంటే మనోళ్లే అడ్డగించి డబ్బు, ఫోన్ లాక్కునేవారు. భాష రాదు, మర్నాడు డ్యూటీ పోతుంది, అందుకని ఫిర్యాదే ఇచ్చేవారు కాదు.

హత్య అనగానే జనం ప్లాన్ వేసి చేసిందనుకుంటారు. ఎక్కువ శాతం మాటా మాటా పెరిగి అయ్యేవే. బార్ బయట, పాన్ షాపు దగ్గర, అప్పు డబ్బుల దగ్గర, పెళ్లి ఊరేగింపులో డీజే దగ్గర. అప్పటిదాకా కలిసి తాగినవాళ్లే. ముందే కత్తి పెట్టుకుని వచ్చేవాడు తక్కువ, చేతికి అందిన కర్రతోనో రాయితోనో కొట్టేవాడే ఎక్కువ. లలితమ్మ చెప్పిన 2022 లెక్కలోనే చూడండి, దేశంలో హత్యలకి మొదటి కారణం గొడవలే, రెండోది పాత కక్ష.

ఇందులో ఇప్పుడు మారినవి రెండు. శ్రీను చెప్పిన కుర్రాళ్ల జేబులో బ్లేడు నిజం. ఇదివరకు పిడిగుద్దులతో పోయే గొడవ ఇప్పుడు కోతల దాకా పోతోంది. రెండోది భూమి. అది వకీలు గారెవరైనా చెబితే బాగుంటుంది.

ఇంకో మాట. ఇదివరకు బీటు కానిస్టేబుల్‌కి వీధిలో ప్రతి ఇల్లూ తెలిసేది. రాత్రి పన్నెండుకి ఏ అరుగు మీద ఎవడు కూర్చుంటాడో తెలిసేది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడి వెనక్కి రావడమే. నేను పనిచేసినన్నాళ్లూ బీట్లకి మనుషులు చాలలేదు. కొత్త కాలనీలు పుట్టిన వేగంతో మేం పుట్టలేదు కదా.

పెందుర్తి వకీలు | శనివారం, ఉదయం 10:05

హెచ్‌సీ గారికి నమస్కారం. కుర్రోడు "లేపేయమన్న" దానికి ఒక్క జవాబు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపినప్పుడు ఊరంతా పూలు చల్లింది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని అందులో ఉంది. విచారణ లేకుండా చంపితే వాళ్లే దోషులా కాదా అని తేల్చుకునే దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. మన ఇంటి పిల్లాడిని పొరపాటున పట్టుకెళ్లిన రోజు ఆ దారి ఎంత అవసరమో తెలుస్తుంది.

ఇక భూమి. విశాఖలో హింస గురించి మాట్లాడుతూ భూమి ఎత్తకపోతే అసలు మాట వదిలేసినట్టే. 2017లో ఒకసారి, 2019లో ఇంకోసారి ఇక్కడి భూ కుంభకోణాల మీద సిట్ వేశారు. రికార్డులు ట్యాంపర్ చేశారని, ప్రభుత్వ భూమిని సొంత భూమిగా చూపించారని, మాజీ సైనికులకు ఇచ్చిన భూములకు ఎన్‌ఓసీల గోల్‌మాల్ అని, ఆరోపణలన్నీ వాటికి సంబంధించినవే. తహసీల్దార్ హత్య కేసులో పోలీసులు పట్టుకున్నదీ రియల్ ఎస్టేట్ మనిషినే. 2023 జూన్‌లో అప్పటి ఎంపీ ఎం.వి.వి. సత్యనారాయణ గారి కుటుంబసభ్యులను, ఆడిటర్‌ను రుషికొండలోనే బంధించి డబ్బు గుంజారు. ఆయన బిల్డర్ కూడా. అంత పలుకుబడి ఉన్న ఇంట్లోకే రౌడీషీటర్ దర్జాగా నడిచి వెళ్లాడు.

ఒక స్థలం గొడవ రక్తం దాకా ఎలా వస్తుందో నా దగ్గరికి వచ్చే కేసుల్లో చూస్తుంటాను. ఆనందపురం వైపు ఒక బిట్టు ఉంటుంది. ప్రభుత్వం మాకిచ్చిన డీ-పట్టా అని ఒకరు, కొన్నామని ఇంకొకరు, అసలది రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందని మూడోవారు. ఇద్దరి దగ్గరా కాగితాలుంటాయి. సివిల్ కోర్టుకి వెళ్తే ఏళ్లు పడుతుంది. ఈలోపు ఎవడి స్వాధీనంలో ఉంటే వాడిదే పైచేయి. అందుకని రాత్రికి రాత్రి జేసీబీ వస్తుంది, తెల్లారేసరికి ప్రహరీ లేస్తుంది, గేటుకి బోర్డు వేలాడుతుంది. అవతలివాడు స్టేషన్‌కి పరిగెడితే "సివిల్ మేటర్, కోర్టులో తేల్చుకోండి" అంటారు. కోర్టులో ఇప్పట్లో తేలదని తెలిసినవాడు సెటిల్‌మెంట్ చేసేవాడి దగ్గరికి పోతాడు. సెంటుకి ఇంత అని వాడు మాట్లాడుకుంటాడు. వాడికి పదిమంది కుర్రాళ్లు కావాలి. శ్రీను గారూ, మీరు బ్రిడ్జి కింద చూస్తున్న పిల్లల్లో కొందరికి మొదటి జీతం ఇచ్చేది వీడే.

గాజువాక శ్రీను | శనివారం, ఉదయం 11:18

వకీలు గారూ, ఆ చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా వీధి పిల్లాడే ఒకడు అలా పోయాడు. ఇంటర్ ఫెయిలయ్యాడు, "సైట్ దగ్గర కూర్చుంటే రోజుకి ఇంత" అన్నారు.

కానీ లలిత గారి మీద నా ప్రశ్న అలాగే ఉంది. హత్యలే నమ్మదగిన కొలత అన్నారు, సరే. చావకుండా బతికినవాళ్ల సంగతేంటి? ముఖం మీద కోత పడినవాడు ఏ లెక్కలో ఉన్నాడు? గంజాయి సంగతీ ఎవరూ మాట్లాడటం లేదు.

సిస్టర్ విజయ | శనివారం, మధ్యాహ్నం 2:33

శ్రీను అన్నయ్యా, మీ ప్రశ్నకి జవాబు నా డ్యూటీలో ఉంది. నేను క్యాజువాలిటీలో పనిచేస్తాను. ఆసుపత్రి పేరు అనవసరం.

కోత గాయంతో ఎవరైనా వస్తే మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకి తెలియజేయాలి. ఏం జరిగిందని అడుగుతాం. తెచ్చిన స్నేహితులు "బండి మీంచి పడ్డాడు సిస్టర్" అంటారు. పడితే చర్మం చెక్కుకుపోతుంది, అంచులు చిరిగినట్టుంటాయి, మట్టి ఉంటుంది. ఇది అలా ఉండదు. సన్నగా, అంచులు తిన్నగా, ముంజేతి వెలుపలి వైపు ఉంటుంది. ముఖానికి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడే అక్కడ తెగుతుంది. కుట్లు వేస్తున్నంతసేపూ ఆ పిల్లాడు తల తిప్పుకుని ఉంటాడు. వాళ్లమ్మ వచ్చి "కేసు వద్దమ్మా, రేపు మళ్లీ అదే వీధిలో తిరగాలి" అని చేతులు పట్టుకుంటుంది. మేం రాస్తాం. పోలీసాయన వస్తారు. పిల్లాడు పడ్డానంటాడు. అంతటితో అది ప్రమాదంగా మిగిలిపోతుంది.

ఒకే పిల్లాడు కొన్ని నెలల తర్వాత ఇంకా పెద్ద గాయంతో రావడం చూశాను. మొదటి గాయానికి కారణమైన గొడవే రెండోదానికీ కారణం. పడ్డాడన్న మాట నమ్మి పంపేయకుండా ఉంటే రెండోది ఆపగలిగేవాళ్లమేమో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

లెక్కల లలిత | శనివారం, మధ్యాహ్నం 3:10

విజయ గారూ, ఈ చర్చలో అన్నిటికంటే విలువైన మాట మీదే. శ్రీను గారి ప్రశ్న సరైనదే. హత్య కంటే ఒక మెట్టు కింద ఉన్నదే లెక్కకి అందడం లేదు. క్యాజువాలిటీ రిజిస్టర్లలో కోత గాయాలు ఏ వీధి నుంచి, ఏ వేళ వస్తున్నాయో పేర్లు తీసేసి పోలీసులకి, వైద్య శాఖకి కలిపి చూపిస్తే స్టేషన్ లెక్కలో లేనిది బయటపడుతుంది. బ్రిటన్‌లో కార్డిఫ్ నగరం ఇదే చేసింది. ఆసుపత్రి వివరాలు చూసి ఏ బార్ల దగ్గర, ఏ వీధుల్లో గస్తీ పెంచాలో నిర్ణయించారు, గాయాలతో చేరేవాళ్లు తగ్గారు. మనకి చేయడానికి అడ్డమేమీ లేదు.

పెందుర్తి వకీలు | శనివారం, సాయంత్రం 4:45

గంజాయి గురించి క్లుప్తంగా. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు నుంచి దేశమంతటికీ వెళ్లే దారిలో మన ఊరుంది. దారిలో కాస్త ఇక్కడా దిగుతుంది. చట్టంలో కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. పెద్ద మొత్తంతో దొరికితే బెయిల్ చాలా కష్టం. పొట్లాలు అమ్మేవాడు కిలో లోపే పెట్టుకుంటాడు, కొద్ది రోజుల్లో మళ్లీ అదే మూలన ఉంటాడు. సమాచారం ఇవ్వాలంటే మత్తుమందుల మీద పనిచేసే పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది. గంజాయి తాగిన ప్రతివాడూ కత్తి పట్టడు, ఆ మాట కూడా చెప్పాలి. మత్తు కంటే అమ్మకాల హద్దుల మీద జరిగే గొడవే ఎక్కువ ప్రమాదం.

మర్రిపాలెం ఉష | శనివారం, సాయంత్రం 6:20

ఇంతసేపూ మగవాళ్ల గొడవల గురించే మాట్లాడారు. రవి గారు మొదట చెప్పిన మూడింటిలో రెండు ఆడవాళ్ల చావులు. అవి రోడ్డు మీద జరగలేదు, ఇళ్లలో జరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించినవాళ్లే. చెల్లి ఎనిమిదింటికల్లా ఇంటికి రావాలని చూసే మనం, పెళ్లయిన అక్క ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే "సర్దుకుపో" అంటాం.

వెంటపడేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మా పిన్ని కూతురిని ఒకడు ఏడాదిపాటు వేధించాడు. ఇంట్లోవాళ్లు పరువని ఆగారు. ధైర్యం చేసి వెళ్తే స్టేషన్‌లో వాడిని పిలిచి రెండు దెబ్బలేసి, కాగితం మీద సంతకం పెట్టించి పంపేశారు. కేసు కట్టలేదు. వాడు పదిరోజులకే కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాడు, ఈసారి మరింత కసితో. ఆ పిల్ల చదువు మాన్పించి వేరే ఊరు పంపారు. ఇది ఏ అంకెలోకి వచ్చింది చెప్పండి?

మాజీ హెచ్‌సీ | శనివారం, రాత్రి 7:15

రాలేదమ్మా, ఎక్కడా రాలేదు. నాకు బాధగా ఉంది. కౌన్సెలింగ్ ఇచ్చి పంపేశాం అంటే ఆ రోజుకి పని అయిపోయినట్టు ఉంటుంది. కేసు కడితే పని మొదలవుతుంది. జుత్తాడ అయినా, గాజువాక అయినా, వకీలు గారు చెప్పిన ప్రహరీ గొడవైనా వెనక్కి వెళ్లి చూస్తే పాత కక్షో పాత వేధింపో ఉంటుంది, ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. నేను సర్కిల్ ఆఫీసులో కూర్చునే కుర్రాళ్లకి ఒకటే చెబుతాను: రౌడీషీటర్లని ఆదివారం పిలిచి వరసలో నిలబెట్టినంత శ్రద్ధగా, బెదిరింపు ఫిర్యాదులు రెండోసారి వచ్చినవి ఏవో తీసి చూడండి.

కంచరపాలెం కుర్రోడు | శనివారం, రాత్రి 8:02

ఉషక్కా, మా ఇంటి పక్కన ఇలాంటిదే నడుస్తోంది. ఆ అమ్మాయి మా చెల్లి ఫ్రెండు. వాడు రోజూ మెసేజులు పెడుతున్నాడు, చచ్చిపోతా అంటాడు, చంపేస్తా అంటాడు. వాళ్ల నాన్న ఎవరికీ చెప్పొద్దంటున్నాడు. ఏం చెయ్యాలో చెప్పండి వకీలు గారూ.

పెందుర్తి వకీలు | శనివారం, రాత్రి 8:40

తమ్ముడూ, ముందు ఒక్క మెసేజ్ కూడా తీసేయొద్దని ఆ అమ్మాయికి చెప్పించు. స్క్రీన్‌షాట్లు తీసినా ఫోన్లో అసలువి ఉండాలి. కోర్టులో వాటికి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది తర్వాత మేం చూసుకుంటాం. వాడికి జవాబు ఇవ్వొద్దు, నంబరు బ్లాక్ చేసే ముందు అన్నీ భద్రం చేయండి.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి. వెంటపడటం న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి బెయిల్ వస్తుంది, మళ్లీ చేస్తే నాన్‌బెయిలబుల్. అందుకే మొదటిసారే కాగితం మీదికి రావాలి, అది లేకపోతే రెండోసారి కూడా మొదటిసారే అవుతుంది. చంపేస్తానన్న మాట విడిగా రాయండి. ఏ స్టేషన్‌లో ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్‌గా తీసుకోవాలి, పరిధి కాదని పంపకూడదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద పైఅధికారికి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి నేను వస్తాను, ఫీజు అక్కర్లేదు. వాడు గుమ్మం దాకా వస్తే ఇవేవీ చూడకుండా 112కి ఫోన్ చేయండి. అమ్మాయి ఫోన్లో మహిళల భద్రత కోసం పోలీసులు పెట్టిన శక్తి యాప్ పెట్టించండి.

మర్రిపాలెం ఉష | శనివారం, రాత్రి 8:55

వాళ్ల నాన్నతో నేను మాట్లాడతాను. నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు తమ్ముడూ, రేపు ఉదయం మా అమ్మని తీసుకుని వస్తాను. పెద్దవాళ్లు వచ్చి కూర్చుంటే ఆయన వింటారు. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయకు.

మధురవాడ రవి | శనివారం, రాత్రి 9:30

అందరికీ కృతజ్ఞతలు. లలిత గారూ, మీరు చెప్పిన కార్డిఫ్ పద్ధతి మీద ఒక పేజీ తెలుగులో రాసిస్తారా? మా అపార్ట్‌మెంట్ సంఘాలన్నీ కలిపి కమిషనర్ గారిని, కలెక్టర్ గారిని అపాయింట్‌మెంట్ అడుగుతున్నాం. సీసీ కెమెరాలు, వీధి దీపాలు మాత్రమే అడుగుదామనుకున్నాం. ఇప్పుడు ఆసుపత్రి రిజిస్టర్ల సంగతి, రెండోసారి వచ్చిన బెదిరింపు ఫిర్యాదుల సంగతి కూడా పెడతాం. విజయ సిస్టర్, మీ పేరు రానివ్వం.

లెక్కల లలిత | శనివారం, రాత్రి 9:41

రాసిస్తాను, సోమవారానికల్లా. హెచ్‌సీ గారు ఒకసారి చూసి స్టేషన్‌లో ఏది కుదురుతుందో, ఏది కుదరదో చెబితే ఆ మేరకు మారుస్తాను.